నింపుట, పూరించుట, పూడ్చుట

రేడియో కార్యక్రమ పట్టికను ముందుంచుకొని వినువారికి ఈ సంగతి అనుభవములోనిదే. పట్టికలో అచ్చుపడిన వేళకు ప్రసంగము ముగియవలెను. తరువాతి కచ్చేరి ఆరంభము కావలెను. కాని ప్రసంగకర్త రెండు నిమిషములు ముందుగనే ముగించిన సందర్భములు లేకపోలేదు. ఆ రెండు నిమిషములును మౌనముగా గడచినచో, శ్రోత తన రేడియో చెడిపోయినదని తలచి మీట త్రిప్పును. అందుచేత ఒక వీణానాదమునో వేణునాదమునో వినిపింతురు. రేడియో కేంద్రములవారు దీనికి ‘ఫిల్లరు’ అని పేరు పెట్టుకొనిరి. పట్టికలో దానికి చోటుండదు. ఐనను అది లేనినాడు పట్టిక నడువదు.

ఈ మాట రేడియోవారి సొత్తు మాత్రము కాదు. గోడ కట్టు మేస్త్రి, బల్ల చేయు వడ్రంగి, పంటి వైద్యుడు, మాత్రలు తయారుచేయు కర్మాగారము, కాగితపు మిల్లు, అచ్చుకూటము, నేడు కంప్యూటరు ముందు కూర్చుండు ఉద్యోగి – అందరును తమ తమ పనులలో ఏదో ఒకదానిని ఫిల్లరు అనుచున్నారు. ఇంగ్లీషువారు ఒక్క మాటతో సరిపెట్టుకొన్న చోట మనవారు పెక్కు క్రియలను వాడినారు. కుండను నింపుదుము. దిండులో దూదిని కూరుదుము. తుపాకిలో మందును దట్టింతుము. పద్యమును పూరింతుము. గోతిని పూడ్చుదుము. శంఖమును సైతము పూరింతుమే కాని నింపము. ఊపిరి చేరినప్పుడే కదా అది పలుకును! చనిపోయినవారిని మట్టిలో ఉంచుటకు మాత్రము పూడ్చుట అను మాటయే తగియున్నది.

వీనిలో మూడు క్రియలను మనము ప్రత్యేకముగా గమనింపవలెను. నింపినదానిని మరల వంపవచ్చును. పాత్ర పాత్రగానే నిలుచును. పూరించినప్పుడు కొరతపడినది సమగ్రమగును. పూడ్చినప్పుడు అచ్చట ఒక ఖాళీ ఉండెనన్న గుర్తే చెరిగిపోవును. లోటును, నష్టమును కూడ పూడ్చుదుము గదా యని ఎవరైన అడుగవచ్చును. నిజమే. లోటు గుర్తు మిగిలియుండవలెనని ఎవరును కోరరు. అచ్చట చెరుగుటయే మేలు. చెరుపరాని ఖాళీని చెరిపినప్పుడు మాత్రమే చిక్కు వచ్చును. ఈ భేదము నిఘంటువులలో నిలిచిపోయినది కాదు. మన కట్టడములలో, వృత్తులలో, చివరకు మన చెరువుల గతిలో గూడ అది కనబడుచున్నది.

మొదట కట్టడములను చూతము. క్రీస్తుశకము 3వ శతాబ్దమున ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలములో, అతని మేనత్త చాంతిసిరి నాగార్జునకొండ లోయలో మహాచైత్యమును నిర్మింపజేసెను. దాని అడ్డుకొలత సుమారు 106 అడుగులు. అంత స్తూపమును నిండు ఇటుకతో కట్టినచో ఎన్ని ఆవములు కాల్చవలసియుండునో ఊహింపవచ్చును. భట్టిప్రోలు స్తూపము అట్లు గట్టి ఇటుకకట్టుగనే నిర్మితమైనది. నాగార్జునకొండ శిల్పులు మరియొక మార్గము త్రొక్కిరి. బండిచక్రమునకు నడుమ కుండయు, దానినుండి ఆకులును, చుట్టును అంచును ఉన్నట్లుగా ఇటుక గోడలు లేపి, గోడల నడుమ ఏర్పడిన గదులను మన్నుతో నింపిరి. ఇది పొదుపు కొరకు వచ్చిన పూరకమే. కాని నాసిపని యనరాదు. గోడ మన్నును చెదరనీయదు. మన్ను గోడను ఒరగనీయదు. 1920ల చివర ఆ స్తూపమును త్రవ్వించిన లాంగ్‌హర్స్టుకు ధాతుపేటిక నట్టనడుమ గాక, వెలుపలి అంచునగల గదులలో ఒకదానియందు దొరికెను. అనగా ఆ కట్టడములో మిక్కిలి పూజ్యమైన వస్తువు నింపుడు మన్ను నడుమనే పదిలముగ నుండెనన్నమాట.

కాకతీయులు మన్నునకు మారుగా ఇసుకను నమ్ముకొనిరి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రుద్రేశ్వరాలయమును మనము రామప్ప గుడి యందుము. 2021లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినప్పుడు, దాని పునాదిని గూర్చి ప్రత్యేకముగా చెప్పిరి. పునాది గోతిని ఇసుకతో నింపి, దానిపై రాతికట్టును నిలిపిరి. విడి ఇసుక పిడికిట నిలువదు. కాని నలువైపుల కదలకుండ బిగించిన ఇసుక ఎంతటి బరువునైన మోయును, పడిన బరువును నలుదిక్కులకు పంచును, భూమి అదరినపుడు ఆ అదరును కొంత తనలో నణచుకొనును. ఇక శిఖరమునకు వాడిన ఇటుకలు నీటిపై తేలునంత తేలికైనవి. వాని నిండ సన్నని రంధ్రములే. క్రింద ఇసుక, పైన గాలి! బరువు కావలసిన చోట బరువును, అక్కరలేని చోట శూన్యమును నింపగల నేర్పు ఎనిమిదివందల యేండ్ల క్రిందటనే మన తాపీవారికి ఉండెను.

ఈనాటి మేస్త్రి చేయునదియు సూత్రములో వేరు కాదు. కంకర రాళ్ళ నడుమ సందులుండును. ఆ సందులను ఇసుక నింపును. ఇసుక రేణువుల నడుమ మరల సందులుండును. వానిని సిమెంటు నింపును. ఒకదాని ఖాళీలో మరియొకటి ఇముడుటయే కాంక్రీటు బలము. ఇండ్ల కప్పులలో దీనిని మించిన యుక్తి ఒకటి కలదు. కప్పుపై బరువు పడినప్పుడు పలక పైభాగము నొక్కుకొనును, క్రిందిభాగము సాగును. కాంక్రీటు నొక్కుడును ఓర్చును గాని సాగుడును ఓర్వదు. ఆ పని ఇనుప కడ్డీలది. కావున కడ్డీల నడుమ, క్రిందిభాగములోని కాంక్రీటు చాలవరకు చేతులు ముడుచుకొని కూర్చుండును. అచ్చట మంగుళూరు పెంకులను పేర్చి కాంక్రీటును ఆదాచేయు పద్ధతిని కేరళలో లారీ బేకరు ప్రచారములోనికి తెచ్చెను. బరువు తగ్గును, ఖర్చు తగ్గును, ఇల్లు చల్లగ నుండును. పని లేని చోటు ఏదో గుర్తించి దానినే నింపుట ఇందలి రహస్యము.

ఇక చేతివృత్తుల సంగతి. కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి కర్రతో మొండెమును వేరుగ, చేతులను వేరుగ చెక్కుదురు. వానిని అతుకుటకు చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపి చేసిన ముద్దను వాడుదురు. దీనినే మక్కు అందురు. అతుకులో సందును నింపునది మక్కే. కన్ను, ముక్కు, తలపాగా మొదలగువానికి తుదిరూపము దిద్దునదియు మక్కే. ఇచ్చట నింపుట యనునది శిల్పములో భాగమైపోయినది. వడ్రంగి వాడు లప్పము సంగతి అట్లు కాదు. సుద్దపొడిని నూనెతో మర్దించి చేసిన లప్పము చెక్కలోని చిన్న గంటును, మేకు తలను కప్పి, పైన రంగు చక్కగా పట్టునట్లు చేయును. మంచి చెక్కపై లప్పము అలంకారమే. పుచ్చిన చెక్కపై అదే లప్పము మసిపూసి మారేడుకాయ చేయుట. పదార్థము ఒక్కటే, ఒకచోట నింపినాడు, మరియొకచోట పూడ్చినాడు.

కంసాలి వాడు లక్క ఈ విషయమును ఇంకను స్పష్టముగ తెలుపును. పలుచని బంగారపు రేకుతో చేసిన బోలు నగ ఒత్తిడికి సొట్టపడును. లోపల లక్క పోసినచో అది గట్టిపడి నిలుచును, పొదిగిన రాయి కదలదు. కావున లక్క పోయుట దోషము కాదు. తూకములో లక్క బరువును తీసివేసి బంగారము బరువు చెప్పువాడు పనివాడు. లక్కను గూడ బంగారముగ తూచువాడు మోసగాడు. పాలలో నీళ్ళు, మిరియాలలో బొప్పాయి గింజలు కలుపువారును పూరకమునే వాడుచున్నారు. వారి పూరకమునకు పేరు లేదు. అదియే వారి నేరము. ‘పైన పటారం, లోన లొటారం’ అని మన పెద్దలు ఊరకనే అనలేదు.

మందుల మాత్రలలో ఈ నియమమును చట్టమే కాపాడవలసి యుండును. హైదరాబాదు 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థ నాటినుండి మందుల తయారీకి పేరుపొందిన నగరము. ఇచ్చటి కర్మాగారములలో పనిచేయువారికి తెలిసిన సంగతి ఒకటి చెప్పుదుము. థైరాయిడు కొరతకు ఇచ్చు మాత్రలో మందు 50 మైక్రోగ్రాములు ఉండవచ్చును. అనగా గ్రాములో 20,000వ వంతు. అంత సూక్ష్మమైనదానిని వ్రేళ్ళతో పట్టుకొనలేము. పాలచక్కెర వంటి పదార్థముతో కలిపి పరిమాణము పెంచినప్పుడే అది మాత్ర యగును. రోగి మ్రింగునదానిలో ఇంచుమించు అంతయు పూరకమే! ఐనను ఎవరును మోసపోలేదు. మందు ఎంతయో చీటిపై వ్రాసియున్నది. మనము చదువు కాగితములో సైతము తెల్లని సుద్ద కలిసియుండును. అది నార నడుమ సందులను నింపి, ఒక ప్రక్క అచ్చు రెండవ ప్రక్కకు కనబడకుండ చేయును. ఆ కాగితముపై సీసపు అక్షరములు కూర్చిన కాలములో, మాటకును మాటకును నడుమ అచ్చు పడని సీసపు ముక్కలను ఉంచెడివారు. అక్షరములకంటె అవి పొట్టివి. వానికి సిరా అంటదు. అవి లేనిచో పేజీ అంతయు కుప్పకూలును. పాఠకుడు వానిని ఎన్నడును చూడలేదు. చూచినది మాటల నడుమ తెల్లదనమును మాత్రమే.

మాటల ప్రసంగము వచ్చినది గనుక కవులను స్మరింపక తప్పదు. పాదములో అర్థము ముగిసినను అక్షరముల లెక్క ముగియనప్పుడు ఏమి చేయవలెను? నిరుక్తకారుడైన యాస్కుడు వేదమంత్రములలో ‘కమ్, ఈమ్, ఇత్, ఉ’ వంటి అవ్యయములు కొన్ని చోట్ల పాదమును పూరించుటకే వచ్చినవని చెప్పెను. తెలుగు పద్యములో యతికి, ప్రాసకు తడుముకొని తెచ్చిన విశేషణములను మన లాక్షణికులు వ్యర్థపదములని గర్హించిరి. కాని పూరణమును పరమావధికి కొనిపోయినవారును మనవారే. అవధానములో పృచ్ఛకుడు ఒక్క పాదము నిచ్చును. తరచుగా అది అసంగతముగనో, అసభ్యముగనో తోచును. అవధాని మిగిలిన మూడు పాదములను పూరించి, ఆ అసంగతమునకు సంగతి కుదుర్చును. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంటగా ఆంధ్రదేశమంతట ఈ విద్యకు గౌరవము తెచ్చిరి. సమస్యాపూరణములో ఖాళీయే పెద్దది, ఇచ్చినది చిన్నది, పూరకమే పద్యము. దీనిని నింపుట యన్నచో కవికి అవమానము, పూడ్చుట యన్నచో భాషకు అవమానము.

సామాన్యుని మాటలలోను ఖాళీలు గలవు. ‘అంటే’, ‘మరి’, ‘అదే’, ‘ఏమండీ’ – ఇట్టివి ఒక్కొక్కరి నాలుకపై ఒక్కొక్కటి నిలిచియుండును. వీనికి తెలుగులో ఊతపదములని పేరు. ఊత యనగా ఆనుకొనుటకు పనికివచ్చు కర్ర. తలపునకు మాట దొరకక తూలిపడబోవు మనిషికి అది ఆసరా యని ఈ పేరు పెట్టినవారు గ్రహించిరి. పసలేని మాటలతో గంటలు గడపు ఉపన్యాసమునకు మాత్రము ఊకదంపుడు అనియే పేరు. ఊతకును ఊకకును నడుమ ఒక్క అక్షరమే భేదము. ఆ భేదమును గుర్తించుట వక్త విధి.

1998 నవంబరులో మాదాపురములో సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు హైదరాబాదు పడమటి శివారులు కంప్యూటరు పనికి నెలవైనవి. ఆ పనిలోను పూరకములు గలవు. యంత్రపు జ్ఞాపకము సమానమైన గళ్ళుగా ఏర్పడియుండును. సమాచారము గడికంటె చిన్నదైనప్పుడు మిగిలిన చోటును సున్నలతో నింపుదురు. పుట అందచందములు చూచుకొనుటకు, అసలు రచన చేతికందకముందు, అర్థములేని లాటిను మాటలను పోయుదురు. క్రీస్తుపూర్వము 45వ సంవత్సరమున సిసిరో మంచిచెడ్డల స్వరూపమును గూర్చి వ్రాసిన గ్రంథమునుండి ముక్కలుగ విరిచిన మాటలవి. అసలు రచన వచ్చిననాడు వానిని తీసివేయుదురు. ఇది నింపుటకు చక్కని ఉదాహరణము: చోటు చోటుగనే యుండి, దానికి తగినది వచ్చువరకు వేచియున్నది.

ఆ శివారులలోనిదే కోకాపేట. గండిపేటకు చేరువను, వెలుపలి వలయ రహదారి ప్రక్కను ఉన్న ఈ ఊరి పేరు 2023 ఆగస్టులో దేశమంతట వినబడెను. హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ ఆ నెల 3వ తేదీన అచ్చటి 45 ఎకరములకు పైగా భూమిని వేలము వేయగా 3,319 కోట్ల రూపాయలు వచ్చినవి. ఒక ఎకరము అత్యధికముగ 100 కోట్ల 75 లక్షలు పలికెను. ఇట్టి ధర పలుకు నేలపై ఖాళీ అన్న మాటకే అర్థము మారిపోవును. గజము గజమును నింపవలెనను తొందర కలుగును. పునాదులకై లోతుగా త్రవ్వి ఎత్తిన రాయి, మన్ను ఎచ్చటనో పోయవలెను. ఇదియే మేము ఇంతసేపు చెప్పివచ్చిన మాటల భేదము ప్రాణముల మీదికి వచ్చు చోటు.

ఏలయన ఈ ప్రాంతపు చరిత్ర ఒక ఖాళీని కాపాడిన చరిత్ర. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచివేసెను. సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. ఎగువ చెరువులు పెక్కు తెగి వాని నీరంతయు ఒక్కసారి నదిలో పడుట వరద ఉద్ధృతికి ఒక కారణము. నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరమునకు ఎగువను వరద నీరు నిలుచుటకు చోటు కల్పింపవలెనని సూచించెను. ఆ ఆలోచన ఫలితముగ మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లో, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లో పూర్తియైనవి. ఉస్మాన్‌సాగరునే మనము గండిపేట చెరువందుము. త్రాగునీటిని మాత్రమే చూచువారికి దానిలోని నీరు విలువైనది. వరదను చూచినవారికి దానిలో నీరు లేని చోటు సైతము అంత విలువైనది. వచ్చు వరదను పట్టునది ఆ ఖాళీయే. ఈ రెండు జలాశయములకు నీరు వచ్చు దారులను కాపాడుటకై 1996లో 111వ నెంబరు ఉత్తర్వు 84 గ్రామములలో కట్టడములపై ఆంక్షలు పెట్టెను. 2022లో ఆ ఆంక్షలను సడలించుచు మరియొక ఉత్తర్వు వెలువడెను.

చిన్న చెరువుల విషయము ఇంతకంటె సున్నితమైనది. తెలంగాణపు రెవెన్యూ లెక్కలలో చెరువు కడుపులోని భూమిని శిఖం అందురు. నిండిన ఏట అది నీటి క్రింద నుండును. నీరు తీసిన ఏట రైతు అచ్చట పైరు వేసికొనును. అది నీటిదో నేలదో ఒక్క మాటలో తేల్చరాదు. ఋతువును బట్టి రెండును. వేసవిలో ఎండి కనబడిన శిఖమును చూచి ఖాళీ స్థలమని భ్రమపడువారు ముందుగ ఒక బండి మన్ను, తరువాత పది లారీల రాళ్ళు పోయుదురు. పోసినవాడు ‘ఫిల్లింగు’ చేయించితిననును. తెలుగులో దానిని పూడ్చుట యందురు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో ఎన్నియో పేటలు మునిగినప్పుడు, నీరు తన పాత త్రోవను మరువలేదని అందరును చూచిరి.

నివారణోపాయములు లేకపోలేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లక్ష్యముగ పెట్టుకొని, వానిలోని పూడికను తీయుట ఆరంభించెను. ఆ ఒండ్రును రైతులు తమ పొలములకు తోలుకొని పోయిరి. చెరువులో దోషమైనది చేనిలో ఎరువైనది! కూలిన కట్టడముల రాళ్ళను, సిమెంటు పెళ్ళలను పిండి చేసి మరల ఇసుకగ, కంకరగ మార్చు కేంద్రములు జీడిమెట్లలో 2020లోను, తరువాత ఫతుల్లాగూడలోను వెలసినవి. ఒక్కొక్కదాని శక్తి దినమునకు 500 టన్నులు. ఆక్రమణలను తొలగించుటకు 2024 జూలైలో హైడ్రా యను సంస్థ ఏర్పడెను. దాని చర్యలపై భిన్నాభిప్రాయములు గలవు. ఇల్లు కోల్పోయినవాని గోడును త్రోసివేయరాదు. అతనికి చెరువును స్థలముగ చూపి అమ్మినవాని బాధ్యతను మరువరాదు. తూకములో లక్కను బంగారమన్న కంసాలికిని వానికిని భేదమేమి?

నాగార్జునకొండ శిల్పి గోడల నడుమ ఏ గది మన్నుకు తగినదో ఎరిగి నింపెను. పాలంపేట మేస్త్రి ఇసుకను ఎచ్చట బిగించవలెనో, ఇటుకలో గాలిని ఎచ్చట మిగిల్చవలెనో ఎరిగియుండెను. అవధాని ఇచ్చిన పాదమును చెరుపక పూరించెను. వారెవ్వరును ఖాళీని శత్రువుగ భావింపలేదు. అది దేని కొరకున్నదో ముందుగ అడిగిరి. కోకాపేటలోను, ఆ వైపు పెరుగుచున్న ప్రతి ఊరిలోను నేడు నేల కొలుచువారు అడుగవలసిన ప్రశ్న అదియే. వేసవిలో ఎండిన చెరువు పనిలేక పడియున్న స్థలము కాదు. దానిని నింపుట వాన పని.